ఉంగరం కంటే ముందు మాట

సుందరకాండ పారాయణ జరిగే ఇళ్లు మన వైపు తక్కువేం కావు. కొండగట్టు అంజన్న మాల వేసుకుని వీర్నపల్లి తండాల నుంచి, కోరుట్ల నుంచి, సిరిసిల్ల సాంచాల కాడి నుంచి కదిలే స్వాములను ఏటా చూస్తూనే ఉంటాం. అయినా ఆ కాండలోని పదమూడో సర్గ మన మాటల్లోకి పెద్దగా రాదు. లంకంతా గాలించినా సీత కనబడక హనుమంతుడు కుంగిపోయిన ఘట్టమది. వట్టి చేతులతో తిరిగి వెళ్తే రాముడు బతకడు. ఆయన వెనుక లక్ష్మణుడు, భరతుడు, తల్లులు, సుగ్రీవుడు... ఇలా ఒక్కొక్కరినీ మనసులోనే పోగొట్టుకుంటాడు. తాను వెళ్లకపోవడమే మేలు, అసలు తాను లేకపోవడమే మేలు అనేదాకా ఆ ఆలోచన పోతుంది. సముద్రం దాటి వచ్చినవాడికే ఆ ఆలోచన వచ్చింది. వాల్మీకి దాన్ని దాచలేదు, తప్పుపట్టలేదు. బతికి ఉంటేనే ఏ మంచైనా కళ్లబడుతుందని హనుమంతుడు తనకు తానే చెప్పుకుంటాడు. అప్పుడు, తాను ఇంకా వెతకని అశోకవనం కనిపిస్తుంది.

అందుకే, నిరాశలో మునిగినవాళ్లకు ‘అది మహాపాపం, నరకానికి పోతవు’ అని చెప్పే బోధ మీద నాకు గౌరవం లేదు. ఇంటికి తానే బరువయ్యానని నమ్ముతున్న మనిషి నెత్తిన అది ఇంకో బరువు పెడుతుంది. ‘మొగోనివి, గింతదానికే గట్లయితవా’ అన్న మాటా అంతే. ఆ మాట పడ్డవాడు రెండోసారి నోరు విప్పడు.

సిరిసిల్లకు ఈ బాధ కొత్త కాదు. నేతన్నల చావులు వరుసగా వార్తలైన రోజుల్లో, ఆత్మహత్యలు పరిష్కారం కాదని అధికారులు ఊరి గోడల మీద రాయించారు. ఆ రాత చదివినవాడికి కూలి గిట్టలేదు, కిస్తీ ఆగలేదు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి సాంచాలు ఆడిన ఏళ్లలో ఇళ్లు కాస్త తేరుకున్నాయి. ఆర్డరు తగ్గితే మళ్లీ అదే గుబులు. జగిత్యాల, కోరుట్ల వైపు అది గల్ఫ్ అప్పు రూపంలో వస్తుంది. ఏజెంటుకు కట్టిన సొమ్ముకు మిత్తి పెరుగుతుంటుంది, అక్కడ జీతం అందదు, ఫోన్లో అమ్మకు మాత్రం ‘మంచిగనే ఉన్న’ అని చెప్పాల్సి వస్తుంది. పని, కూలి, అప్పు మాఫీ అడగాల్సిన చోట అడగవలసిందే. ఏ ప్రార్థనా వాటికి బదులు కాదు. కానీ అవి అందేలోపు ఒక రాత్రి గడవాలి. ఆ రాత్రి మాటే ఈ వ్యాసం.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారు. ఆ ఏడాది అక్టోబరు 10న కేంద్రం టెలి మానస్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు, దగ్గర్లోని ఆసుపత్రికి దారి చూపుతారు. ఆ నవంబరులోనే జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం వెలువడింది. 2030 నాటికి ఈ మరణాలను 10 శాతం తగ్గించాలన్నది దాని లక్ష్యం.

తెలుగులో మాట్లాడడం చిన్న సంగతి కాదు. శింశుపా వృక్షం మీద కూర్చున్న హనుమంతుడు తేల్చుకున్న మొదటి విషయం అదే. సీత అప్పటికే ప్రాణం మీద ఆశ వదులుకుని ఉంది. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడేమోనని బెదురుతుంది, కాబట్టి మామూలు మనుషుల మాటే మాట్లాడాలనుకుంటాడు. ఎదురుగా దూకడు. కొమ్మల్లోంచే మెల్లగా, ఆమెకు ఇష్టమైన రాముడి కథ ఎత్తుకుంటాడు. దగ్గరికి వచ్చినప్పుడు ఆమె అనుమానిస్తే నొచ్చుకోడు. ఆమె అడిగిన గుర్తులన్నీ ఓపిగ్గా చెబుతాడు. ఉంగరం మొదటినుంచీ ఆయన దగ్గరే ఉంది, కానీ ఇచ్చింది ఇంత మాట జరిగాకే. వీపు మీద మోసుకుపోతానంటే ఆమె వద్దంది. ఆయన బలవంతపెట్టలేదు. మనమేమో సలహాతోనే మొదలుపెడతాం: పొలం అమ్మెయ్, దుబాయ్ పో, గుడికి పో.

ఇదే పద్ధతి ఇంగ్లండ్‌లో ఒక క్రైస్తవ మతాచార్యుడికి అనుభవంలో తెలిసింది. చాడ్ వరా 1935లో, కొత్తగా ఆ బాధ్యతలోకి వచ్చినప్పుడు, పద్నాలుగేళ్ల బాలికకు అంత్యక్రియలు జరిపించాడు. రజస్వల అయితే ఏదో రోగమని భయపడి ప్రాణం తీసుకున్న పిల్ల ఆమె. అడగడానికి ఆమెకు ఒక మనిషి లేకపోయారు. 1953లో ఆయన చర్చిలో ఫోన్ పెట్టి సాయం మొదలుపెట్టాడు. తన కోసం ఎదురుచూసేవాళ్లకు టీ ఇచ్చి కబుర్లు చెప్పే మామూలు కార్యకర్తల దగ్గరే చాలామంది తేలికపడి వెళ్లిపోవడం గమనించాడు. ఆ తర్వాత వినే పనంతా వాళ్లకే అప్పగించాడు. సమరిటన్స్ సంస్థ అలా నిలబడింది.

‘ఏందే అక్కా, నాలుగు దినాల సంది బయటికొస్తలేవు?’ అని అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు కూడా. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం నిజం కాదు. ఔనంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ప్రమాదం తెచ్చే వస్తువులు చేతికి అందకుండా తీసేయాలి, పక్కనే కూర్చుని 14416కు కలపాలి. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 108. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు భారత కాన్సులేట్ సహాయ కేంద్రం నంబరు 800 46342. ఆసుపత్రికి పోతే పోలీసు కేసవుతుందని వెనకాడకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించమంటుంది, శిక్షించవద్దంటుంది.

మనసు చెదిరినవాళ్లను తెచ్చి కొండగట్టు మీద నలభై రోజులు ఉంచే కుటుంబాలున్నాయి. ఆ నమ్మకాన్ని నేను కాదనను. అన్ని రోజులూ ఇంటివాళ్లు పక్కనే ఉండడంలో గొప్ప మేలుంది. డాక్టరు రాసిన మందు మాత్రం కొండ మీద కూడా ఆపకండి.

హనుమంతుడు సెలవు తీసుకోబోతుంటే సీత ఒక్క రోజు ఉండి పొమ్మంటుంది. నువ్వుంటే ఈ దుఃఖం కాసేపైనా ఆగుతుందంటుంది. ఆయనకు ఉండే వీల్లేదు. కాబట్టి మళ్లీ ఎవరెవరు వస్తారో, ఎలా వస్తారో ఆమె కుదుటపడేదాకా చెబుతాడు. మన పక్కింటికి వెళ్లడానికి మనకు సముద్రం అడ్డం లేదు. గండం గడిచాక కూడా కొన్ని వారాలు జాగ్రత్తగా చూసుకోవాల్సిన రోజులే. రేపు పొద్దున మళ్లీ పోయి తలుపు తట్టండి, ఎల్లుండి ఫోన్ చేయండి, వచ్చే సోమవారం ఆసుపత్రికి తోడు వెళ్లండి.