మాట పడిపోయిన మనిషి ఇష్టం ఎవరికి తెలుసు?



పక్షవాతం వచ్చి స్పృహ తప్పిన మనిషికి వెంటిలేటర్ పెట్టాలా, వద్దా? డాక్టర్ ఇంట్లోవాళ్ళనే అడుగుతాడు. వాళ్ళు ప్రేమతోనే చెబుతారు. అయినా అమెరికాలో 2006లో వచ్చిన ఒక సమీక్షలో, బంధువుల ఊహ సుమారు మూడింట రెండు వంతులే సరిపోయిందని తేలింది. అందుకని వయసు, ఆడా మగా లాంటి వివరాలు చూసి, అలాంటివాళ్ళు ఎక్కువమంది ఏం కోరతారో దాన్నిబట్టి రోగి ఇష్టాన్ని అంచనా వేద్దామని 2014లో రిడ్, వెండ్లర్ అనే ఇద్దరు ప్రతిపాదించారు.

లెక్క సరిగ్గానే ఉండొచ్చు. ఎవరూ లేని అనాథకు అదే దిక్కూ కావచ్చు. కానీ మన వాడల్లో ఎంతమందిని "ఇంటికి తీసుకెళ్తాం" అని సంతకం పెట్టి తెచ్చుకోలేదు? అది రోగి కోరికా, బిల్లు కట్టలేని బాధా? ఆ సంతకాలే లెక్కలోకి ఎక్కితే, పేదోళ్ళు వైద్యం వద్దంటారని రేపు కంప్యూటర్ చెబుతుంది. పుట్టుకను బట్టి మనిషిని తేల్చే పద్ధతిని కాదని 1956లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నారు. గుంపును బట్టి తేలిస్తే మనం ఊరుకుంటామా?

మాట ఉన్నప్పుడే చెప్పుకోవచ్చు. ముందస్తు వైద్య ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో సులువు చేసింది: ఇద్దరు సాక్షులతో, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చేస్తే సరిపోతుంది. అనిత్యం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా, ఇంట్లో ఈ మాట ఎత్తడానికి జంకుతాం. ఈ ఆదివారం విహారం నుంచి వచ్చాక అడగండి: "నాన్నా, నీకలా అయితే మమ్మల్ని ఏం చేయమంటావ్?"