మిల్లు గుర్రం మొహం

విజయనగరం గంటస్తంభం దగ్గర జట్కాలు బారులు తీరి నిలబడే రోజుల్లో, ఒక షావుకారుకి బియ్యం మిల్లు ఉండేది. మిల్లున్నవాడికి తవుడుకి కరువేముంది? అతనికో గుర్రం కూడా ఉండేది. దమ్మిడీ ఖర్చు లేకుండా గుర్రాన్ని మేపేవాడు ఈ ఊళ్లో తనొక్కడేనని షావుకారు గొప్ప. పొద్దున తవుడు, సాయంత్రం తవుడు. మిల్లు వెనకాల నీళ్లు పారే పల్లంలో గలిజేరు, పాయలకూర, ముళ్లతోటకూర ఏపుగా పెరిగేవి. పాలేరు మోపు కోసుకొచ్చి సగం గుర్రానికీ సగం గేదెకీ పడేసేవాడు.

పక్క పాకలో ఓ జట్కా గుర్రం. దానికి ఉడికించిన ఉలవలు, గట్ల మీద గరిక, వేసవిలో ఎండుమేత. అంతే.

"ఏటిరా, నీ డొక్కలు లెక్కెట్టొచ్చు" అని మిల్లు గుర్రం ఎకసెక్కం ఆడింది.

"లెక్కెట్టుకో. ఒక్కటీ తగ్గదు" అంది జట్కా గుర్రం.

ఏడాది తిరిగేసరికి మిల్లు గుర్రం మొహం నిండింది. కళ్ల కింద, ముక్కుకి రెండు పక్కలా ఉబ్బెత్తుగా, దవడలు బండగా తయారయ్యాయి. షావుకారు మురిసిపోయాడు. మానాపురం సంతలో ఒక దళారీ అయితే మొహం చూసే ధర పెంచాడు. జట్కా తోలే ముసలాయన మాత్రం దగ్గరికొచ్చి దవడ మీద బొటనవేలితో నొక్కాడు. గుర్రం తల విదిల్చుకుంది. గాడిలో చూస్తే సగం నమిలి వదిలేసిన మేత ముద్దలు. నిన్న ముందుకాలు కుంటింది, ఇయ్యాల వెనకకాలు.

"షావుకారు బావూ, ఇది బలుపు కాదు. వాపు."

"నీ గుర్రానికి లేని కండ చూసి నీకు కుళ్లురా" అన్నాడు షావుకారు.

గుర్రానికే అనుమానమొచ్చి గేదెని అడిగింది. "అక్కా, నువ్వూ ఆ ఆకే తింతన్నావు కదా. నీకేటీ కాలేదేం?"

గేదె తీరిగ్గా నెమరు వేస్తూ చెప్పింది. "నేను తిన్నది ముందు నా పొట్టలో పురుగులు తింటాయి. అవి తిన్నాకే నేను. విషమేదన్నా ఉంటే అక్కడే తేలిపోద్ది. నీ పురుగులు పేగు చివర్న కూకున్నాయి. మేత అక్కడికెళ్లేసరికి ఒంటికి పట్టాల్సిన సున్నం చెయ్యి జారిపోద్ది."

ఎందుకైనా మంచిదని షావుకారు పశువుల డాక్టర్ని పిలిపించాడు. డాక్టరు నెత్తురు తీసి పరీక్ష చేయించాడు. "సున్నం లెక్క సరిగ్గానే ఉంది" అన్నాడు. షావుకారు ముసలాయన వంక చూసి నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. "ఎక్కణ్నుంచి తెచ్చి సరిపెట్టిందన్నదే నా బెంగ. తవుడు తగ్గించండి" అన్నాడు. ఊరికే వచ్చే తవుడు తగ్గించి ఉలవలు కొనమంటే షావుకారుకి ప్రాణం ఒప్పలేదు.

పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం రోజున షావుకారు కొత్త పంచె కట్టి బండెక్కాడు. పరుగు లేదు, బరువు లేదు. కాలవ మీద పలక దిగుతుంటే గుర్రం ముందుకాలు పుటుక్కున విరిగింది. ఆ సాయంత్రం షావుకారుని ఇంటికి చేర్చింది జట్కా గుర్రమే. ముసలాయన కిరాయి రెండణాలూ అడిగి మరీ పుచ్చుకున్నాడు. ఉలవలు కొనాలి కదా.

నీతి: ఊరికే వచ్చిన మేతకి ఖరీదు ఎముక కడుతుంది. మొహం నిండిందని మురిసేముందు నొక్కి చూసుకో.

కథ నేనల్లిందే, జబ్బు మాత్రం కాదు. ఒకప్పుడు ఐరోపాలో పిండిమరల వాళ్ల గుర్రాలకి ఎక్కువగా వచ్చేది కనక దీన్ని మిల్లరు జబ్బు అన్నారు. తల పెద్దదయ్యే జబ్బు అని ఇంకో పేరు. ఒంట్లోని కాల్షియంలో (కథలో సున్నమన్నది దీన్నే) నూటికి 99 పాళ్లు ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. అది గాదెలో ధాన్యం లాంటిది. మేతలో కాల్షియం చాలకపోతే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు గాదె తలుపు తీసి రక్తానికి పంచుతాయి. అందుకే రక్తపరీక్షలో చాలాసార్లు లోటు బయటపడదు. ఖాళీ అయిన చోట ఎముకకి బదులు మెత్తటి పీచు పెరుగుతుంది. మొహం నిండినట్టు కనిపించేది ఆ పీచే. పళ్లు కదులుతాయి, కాళ్లు మార్చి మార్చి కుంటుతాయి.

తవుడు తప్పేమిటంటారా? అందులో భాస్వరం కాల్షియం కన్నా పది రెట్లకు పైనే. గుర్రానికి మొత్తం మేతలో కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగానైనా ఉండాలి, ఎక్కువుంటే మరీ మంచిది. జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల ఉలవల్లో కాల్షియం 287 మిల్లీగ్రాములు, భాస్వరం 311, ఇంచుమించు సమానం. ముసలాయనకి ఈ అంకెలు తెలియవు, గుర్రం తెలుసు. గలిజేరు, పాయలకూరల్లో ఉండే ఆక్సలేట్ చేసే పని వేరు. అది పేగులోనే కాల్షియాన్ని పట్టేసి కరగని స్ఫటికంగా మార్చేస్తుంది. చూడ్డానికి పచ్చగా కళకళలాడే గడ్డి కూడా ఇంత పనీ చేయగలదు. 1970లలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో బఫెల్, సెటేరియా గడ్డి బీళ్లలో మేసిన గుర్రాలకి ఇదే జబ్బు పట్టుకుంది.

గేదె గొప్పా పూర్తిగా నిజం కాదు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు అలవాటు పడ్డాకే ఆక్సలేట్‌ని అరిగించగలవు. ఆకలి మీదున్న పశువుని ఒక్కసారిగా గలిజేరు పొదలోకి తోలితే పడిపోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పశువుకి దొరికే వరిగడ్డిలోనూ ఆక్సలేట్ ఉంది. ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థ 1940లలోనే దాని మీద పనిచేసింది. వరిగడ్డీ తవుడూ తప్ప మూడోది చూడని పాడిగేదెకి ఈనిన తర్వాత ఏం మిగులుతుంది? మన మెట్టల్లో చోడిగడ్డి, అంటే రాగిగడ్డి ఉంది, వరిగడ్డి కన్నా దానిలో కాల్షియం ఎక్కువ. చోళ్లు వేయడం తగ్గాక పశువు గాట్లో అదీ తగ్గింది. ఇప్పుడు అందరూ నాటుతున్న నేపియర్ మంచి మేతే, కానీ యూరియా దండిగా చల్లి లేతగా కోస్తే ఆక్సలేట్ ఎక్కువుంటుంది. ముదిరేదాకా కాకపోయినా కాస్త ఎదగనిచ్చి కోయండి, చోడిగడ్డో పప్పుజాతి మేతో కలపండి.

జట్కాలు పోయినా పెళ్లి ఊరేగింపుల గుర్రాలున్నాయి, విశాఖ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకు తిప్పే గుర్రాలున్నాయి. వాటిని మేపేవారికో మాట: తవుడు తగ్గించండి, డాక్టరు చెప్పిన మోతాదులో సున్నపురాయి పొడి కలపండి. తాంబూలంలో వేసుకునే సున్నం కాదు, అది నోరు కాలుస్తుంది. తొందరగా మొదలుపెడితే కుంటు తగ్గుతుంది, మొహం వాపు మాత్రం పూర్తిగా పోదు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే 1962కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు.