రెండవసారి తిరిగి పొమ్మనలేదు

ధ్యాన భాగము: ఆదికాండము 16:1–14; 21:8–21

హాగరు రెండు పర్యాయములు అరణ్యములోనికి వెళ్లెను. మొదటిసారి ఆమె తానే పారిపోయెను. రెండవసారి ఇంటివారు పంపివేసిరి. మొదటిసారి ఆమె గర్భవతి. రెండవసారి కుమారుడు వెంట నుండెను. ఈ రెండు అధ్యాయములను ప్రక్కప్రక్కన పెట్టి నిదానముగా చదువువారికి మరియొక భేదము కనబడును. మొదటిసారి దూత ఆమెను యజమానురాలియొద్దకు తిరిగి వెళ్లుమనెను. రెండవసారి ఆ మాట లేదు. ఆ గుడారపు ద్వారము ఆమెకు మూయబడినది. అప్పుడు దేవుడు ఆమె కన్నులు తెరచి నీళ్ల ఊటను చూపించెను.

తెలుగు సంఘములలో మొదటి మాట అందరికిని కంఠస్థము. కాపురము చెడిన స్త్రీ గుమ్మమెక్కగానే, సర్దుకొని పొమ్మను సలహా పెద్దల పెదవులమీద సిద్ధముగా నుండును. ఆ సలహా చెప్పవలసిన సమయములు లేకపోలేదు. అది విని నిలిచిన కాపురములును కలవు. వివాహబంధమును తేలికగా త్రెంచుకొనుటను ప్రభువు ఒప్పుకొనలేదని మత్తయి 19వ అధ్యాయము చదివిన ప్రతివానికి తెలియును. అయితే ద్వారము మూయబడిన తరువాతకూడ అదే సలహాను మరల మరల చెప్పుట రెండవ అరణ్యమును చదువకపోవుటయే.

సూరతు నగరములోని బమ్రోలిని తలంచుడి. అది మరమగ్గముల చప్పుడు ఎరిగిన ప్రాంతము. సిరిసిల్ల, కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి నేతకుటుంబములు బ్రతుకు తెరువునకై భీవండికి, షోలాపూరుకు, సూరతుకు తరలిపోయిన సంగతి తెలిసినదే. అట్టి వాడలో ఒక తెలుగు సహోదరిని ఊహించుకొనుడి. ఆమె భర్త విడాకులకై కోర్టుకు వెళ్లినాడు. ఆమె పగలెల్ల ఇంటియొద్ద కూర్చుండి చీరలకు రాళ్లు అతికించును. రాత్రి నిద్ర రాదు. ఎనిమిదేండ్ల కుమారుడు మరల పక్క తడుపుచున్నాడు. గది ఒక్కటే, గోడ కావలివారికి దగ్గుకూడ వినబడును. ఆమెకు గుజరాతీ కొంత వచ్చును. కూరగాయల బేరమునకు ఆ భాష చాలును, ఏడ్చుటకు చాలదు.

ఆమె అయ్యగారియొద్దకు వెళ్లెను. ఆయన మంచివాడు, ప్రార్థన చేసెను. ఆ వారము స్త్రీల కూటములో ఆమె సంగతి ప్రార్థన మనవిగా చెప్పబడెను. సాయంకాలమునకు వాడ యంతటికి తెలిసిపోయెను. ప్రార్థన మనవియను పేర పొరుగువారి గాయమును పంచిపెట్టు ఈ అలవాటు చిన్న పాపము కాదు. మరుసటి ఆదివారము ఆమె ఆరాధనకు రాలేదు. విశ్వాసము సన్నగిల్లినదని కొందరనుకొనిరి. విశ్వాసము సన్నగిల్లలేదు, మాటలాడుటకు చోటు లేకపోయెను.

మొదటి అరణ్యములో దూత హాగరును రెండు ప్రశ్నలడిగెను: ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి పోవుచున్నావు. ఎరుగనివాడై అడుగలేదు. ఆమె మొదటి ప్రశ్నకే జవాబు చెప్పెను. యజమానురాలిని విడిచి పారిపోవుచున్నాననెను. రెండవ ప్రశ్నకు ఆమెయొద్ద జవాబు లేదు. విడాకుల నడుమ నున్నవారి స్థితి సరిగా ఇదే. జరిగినదంతయు వారు పదిమార్లు చెప్పగలరు. రేపటిని గూర్చి అడిగిన యెడల మౌనము వహింతురు. ఆ మౌనమును తొందరపెట్టక, ఆమె మొదటి జవాబును పదకొండవమారుకూడ ఓపికతో విని, మెల్లగా రెండవ ప్రశ్నయొద్దకు నడిపించువాడు కావలెను. ఈ పనియందు శిక్షణ పొందినవారినే మానసిక చికిత్సకులందురు. అట్టివానియొద్దకు వెళ్లుట దేవుని విడుచుట కాదు. జ్వరమునకు డాక్టరుయొద్దకు వెళ్లు విశ్వాసిని ఎవరును తప్పుపట్టరు. పౌలుకు లూకా ప్రియమైన వైద్యుడు.

అయితే ఎడారిలో ప్రతి తడి నేలయు ఊట కాదు. మందులు వ్రాయుటకు అధికారముగల వైద్యుడు సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టు మాటలద్వారా చికిత్స చేయును. ఇట్టివారికి 1992 నాటి చట్టము క్రింద భారత పునరావాస మండలిలో నమోదు ఉండవలెను. కౌన్సెలరను పలక చూచి తృప్తిపడక, ఏమి చదివితిరి, ఎవరియొద్ద శిక్షణ పొందితిరి, రుసుమెంత అని అడుగుటలో అమర్యాద లేదు. ఆమె విశ్వాసమును ఎగతాళి చేయువాడు తగడు. వాక్యమును కర్రవలె పట్టుకొని ఆమెను కొట్టువాడును తగడు. మూడు నాలుగు మారులు వెళ్లియు మనస్సు విప్పలేకపోయిన యెడల వేరొకరిని వెదకవచ్చును. భర్తకు చికిత్స చేయుచున్నవాడే భార్యకును చేయుట మంచిది కాదు. ఆమె చెప్పినది గోప్యముగా ఉంచవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము విధించుచున్నది. ప్రాణాపాయమువంటి కొన్ని సందర్భములకు మాత్రమే మినహాయింపు కలదు. స్త్రీల కూటమునకు ఇట్టి చట్టము లేదు గాని, ప్రేమ అను ఆజ్ఞ కలదు.

పేదరాలికి ఇది సాధ్యమా? సూరతులో ప్రభుత్వ సివిల్ ఆసుపత్రియందును, నగరపాలక సంస్థవారి స్మిమెర్ ఆసుపత్రియందును మానసిక వైద్య విభాగములు కలవు. భాషయే అడ్డమైన యెడల 14416 అను సంఖ్య కలదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. రాత్రియు పగలును ఉచితముగా, తెలుగులోకూడ మాటలాడవచ్చును. గుజరాతులో దెబ్బలు తినుచున్న స్త్రీకి 181 అభయం సేవ కలదు. దెబ్బలున్న చోట భార్యాభర్తలను ఒక్కచోట కూర్చుండబెట్టి మాటలాడించుట క్షేమము కాదు. ఆమె ఆ గదిలో నిజము చెప్పి రాత్రి అదే ఇంటికి పోవలెను గదా. చావవలెనను తలంపు వచ్చుచున్న యెడల ఆదివారము వరకు ఆగరాదు. ఆ గంటలోనే ఫోను చేయవలెను, ఒకరు తోడుండవలెను.

కోర్టులోనే కౌన్సెలరు ఉన్నాడు గదా యని కొందరందురు. నిజమే, 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము ఆ ఏర్పాటు చేసినది. అయితే అతని పని ఇరువురి నడుమ రాజీకి వీలున్నదేమో చూచుట. ఆమె నిద్ర అతని పని కాదు. న్యాయవాదికి రుసుమియ్యలేని స్త్రీకి 1987 నాటి చట్టము ప్రకారము ఉచిత న్యాయసహాయము దొరకును; అదియు వేరు పనియే. న్యాయవాదియొద్ద ఏడ్చి, చికిత్సకునియొద్ద వాదించి రెండువిధముల నష్టపోయిన వారున్నారు.

క్రైస్తవుల విడాకుల చట్టము 1869 నాటిది. 2001లో దానిని సవరించువరకు, భర్త క్రూరత్వమొక్కటే చూపి భార్య విడాకులు పొందుటకు వీలులేకుండెను; అతని వ్యభిచారమునుకూడ రుజువు చేయవలసియుండెను. అనేకులు తల్లుల కాలమున నోరు మూసికొని బ్రదికిరి. ఆనాటి కాపురములన్నియు నిలిచినవని గర్వించువారు ఆ నోళ్లు ఎందుకు మూతబడెనో ఆలోచింపవలెను.

తీర్పు వచ్చిన దినము అంతము కాదు. కేసు నడుచుచుండగా కోపము మనిషిని నిలువబెట్టును. కాగితము చేతికి వచ్చిన పిమ్మట కోపము దిగిపోయి దుఃఖము వచ్చును. తిత్తిలోని నీళ్లు అయిపోవునది అప్పుడే. మొదటి క్రిస్మసు, మొదటి పెండ్లి విందు, బల్లయొద్దకు ఒంటరిగా నడచు మొదటి ఆదివారము, ఇవి కఠినమైనవి. తీర్పుతో చికిత్స మానివేయుట, కట్టు విప్పిన దినముననే బరువు మోయుటవంటిది. అప్పుడే సంఘమునకు పని కలదు. ప్రశ్నలు వేయక ఒక పూట అన్నము పంపవచ్చును; ఆమె ఆసుపత్రికి వెళ్లు గంటసేపు బిడ్డను చూచుకొనవచ్చును; ఆమె ఎక్కడికి వెళ్లెనో ఎవరికిని చెప్పకుండవచ్చును.

బిడ్డ సంగతి మరువరాదు. హాగరు కుమారుని పొదక్రింద విడిచి, వింటివేత దూరమున కూర్చుండెను. వాని చావు చూడలేకపోయెను. ఏడ్చినది తల్లియని లేఖనము చెప్పుచున్నది. దేవుడు వినినది చిన్నవాని మొర యనికూడ అదే లేఖనము చెప్పుచున్నది. తల్లి దుఃఖము ఇల్లంతయు నిండినప్పుడు బిడ్డ మొర ఎవరికిని వినబడదు. అది పక్క తడుపుటలో, బడికి పోననుటలో, తోటివానిని కొట్టుటలో వినబడును. వానికికూడ వినువాడొకడు కావలెను. తండ్రిని దూషించుమనియు, తల్లిమీద వేగు చూడుమనియు వానిని అడుగువాడు కాక, వాని చేతికి రంగులిచ్చి ఊరకుండగలవాడు కావలెను.

ఊటను దేవుడు ఆ ఘడియలో త్రవ్వెనని వ్రాయబడలేదు. ఆమె కన్నులు తెరవబడెను, ఆమె చూచెను. లేచి వెళ్లి తిత్తి నింపినది ఆమెయే. ఆ తరువాత హాగరును గూర్చి ఆ అధ్యాయము ఇంకొక్క సంగతి మాత్రమే చెప్పుచున్నది. ఒకప్పుడు తన్ను ఎవరును అడుగకయే భార్యగా ఇయ్యబడిన ఆ స్త్రీ, పారాను అరణ్యములో విలుకాడుగా పెరిగిన కుమారునికి, తన సొంత దేశమైన ఐగుప్తునుండి తానే పిల్లను తెచ్చి పెండ్లి చేసెను.