తపస్కాలంలో బిందెడు నీళ్లు

చిల్కూరు,
ఆదివారం

బిడ్డా,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. ఫోన్‌లోనే జవాబు పెడితే రెండు ముక్కల్లో అయిపోయేది. కానీ రెండు ముక్కల్లో చెబితే నువ్వు నొచ్చుకుంటావని కాగితం తీసుకున్నాను.

మీది చిన్న కాలేజీ, అన్ని క్లాసులూ కలిపినా నాలుగు వందల మంది ఉండరు, అందుకే ఒక మాట అనుకుంటే అందరూ కదులుతారని రాశావు. తపస్కాలంలో క్లాసుకొక సేవ చేయమని సిస్టర్ చెప్పారట. ఎన్.ఎస్.ఎస్. లీడర్‌వి కాబట్టి నువ్వు మన ఊరి పేరు చెప్పావట. ఒక శనివారం బస్సులో వచ్చి, వంద మొక్కలు నాటి, సాయంత్రానికి వెళ్లిపోతారట. "స్థలం చూసి పెట్టు అమ్మమ్మా" అన్నావు.

స్థలం చూశాను. మొక్కలు మాత్రం తేవద్దు.

మంచి పనికి అడ్డం పడుతున్నానని అనుకోకు. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు బాటనీ చెప్పినదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను. తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం ఏ ఏడాదైనా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పడుతుంది. అక్కణ్నుంచి పాస్కా పండుగ దాకా, ఆదివారాలు తీసేస్తే, నలభై రోజులు. మన దగ్గర ఆ నలభై రోజుల్లో ఏం జరుగుతుందో ఎప్పుడైనా చూశావా? మోదుగ ఆకంతా రాల్చి ఒంటినిండా ఎర్రగా పూస్తుంది. కానుగ బోడిదై, వారం పది రోజుల్లో నూనె రాసినట్టు మెరిసే చిగురు వేస్తుంది. రావి చిగురు రాగిరంగులో ఊగుతుంటుంది. ఉగాది ముందురోజు పిల్లలు వేపపూత కోసం చెట్లెక్కుతారు. పైన ఇంత సంబరం జరుగుతుంటే కింద నేల ఎండిపోతూ ఉంటుంది. ఎదిగిన చెట్టుకు వేరు లోతున ఉంది, దానికి బెంగ లేదు. నిరుడు వానల్లో నాటిన మొక్కకు వేరు ఇంకా అంత లోతుకు దిగి ఉండదు. ఎర్రమట్టి పైపొర గట్టిపడి గడ్డపార దిగదు. వసంతం వచ్చిందని మనం మురిసిపోయే రోజుల్లోనే రోడ్డు పక్క మొక్కలు ఒక్కొక్కటే తలవాలుస్తాయి. పక్కనే ఉస్మాన్‌సాగర్ ఉంది, నగరం దాహం తీర్చడానికి 1920లో కట్టింది. అర కిలోమీటరు అవతలి మొక్కకు అది నీళ్లివ్వలేదు. ఎవరో ఒకరు మోసుకెళ్లాలి.

తెలంగాణకు హరితహారం మొదలైంది మన ఊళ్లోనే, తెలుసా? 2015 జూలై 3న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇక్కడే ప్రారంభించారు. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలన్నది లక్ష్యం. తరువాత 2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టంలో, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలనీ, బతకకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పుకోవాలనీ రాశారు. ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన నిబంధన అది. నాటమంటే అందరూ ముందుకొస్తారు. బతికించడానికే చట్టం కావలసి వచ్చింది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు. నేను ఎన్.ఎస్.ఎస్. ప్రోగ్రాం ఆఫీసరుగా ఉన్నప్పుడు ఏడు రోజుల స్పెషల్ క్యాంపుకు ఒక ఊరికి వెళ్లాం. ఊరి పేరు వద్దులే. పండుగ సెలవుల తరువాత, చలి ఇంకా ఉంది. పిల్లలు పాటలు పాడుకుంటూ చెరువు దారి పొడవునా మొక్కలు నాటారు. చివర్లో రేకు బోర్డు పాతాం, మా యూనిట్ పేరుతో. ఫోటోలు దిగాం. జూన్‌లో వేరే పని మీద ఆ దారిన వెళ్తూ బస్సు దిగాను. బోర్డు నిటారుగా ఉంది. మొక్కలు పుల్లలయ్యాయి. ఒకదాన్ని పట్టి లాగితే నర్సరీ నల్ల కవరుతో సహా ఊడి వచ్చింది. కవరు చింపకుండానే గుంతలో పెట్టేశారు పిల్లలు. లోపల వేళ్లు బయటికి దారి లేక గుండ్రంగా చుట్టుకుని, చేతిలో కొబ్బరి పీచులా పొడిపొడిగా రాలాయి. బాటనీ మేడమ్‌ని, పక్కనే నిలబడి ఉన్నాను, చూసుకోలేదు. గేదెల్ని తోలుకెళ్తున్న ఒకామె నన్ను గుర్తుపట్టి ఆగింది. "మీరొచ్చి పోయిన్రు మేడం, నీళ్లెవరు పోయాలన్నది మాతోని ఎవ్వరు అనలే" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ రోజు నుంచీ నాకు ఒకటే తెలిసింది. సేవకు వెళ్లడం కాదు, మళ్లీ వెళ్లడం ముఖ్యం.

నువ్వు చిన్నప్పటి నుంచీ మన బాలాజీ గుడి చూస్తూనే ఉన్నావు కదా. వీసా కావాలని వచ్చినా, పెళ్లి కావాలని వచ్చినా, కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు. కోరిక తీరాక మళ్లీ వచ్చి నూట ఎనిమిది. చేతిలో అంకెల కార్డు, పెన్ను పట్టుకుని, చుట్టు చుట్టుకూ గుర్తు పెట్టుకుంటూ తిరుగుతుంటారు. హుండీ లేని గుడి, డబ్బు వేసి బాకీ తీర్చుకుందామంటే కుదరదు. కాళ్లతోనే తీర్చుకోవాలి. అడగడానికి పదకొండైతే, తిరిగి రావడానికి దానికి దాదాపు పదింతలు! మొక్క నాటడం ఆ పదకొండు లాంటిది. మీ తపస్కాలం నూట ఎనిమిది కావాలని నా కోరిక.

ఎన్.ఎస్.ఎస్. కూడా ఒక్క రోజు పని కాదు. 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి ఏడాదిలో, అప్పటి విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో మొదలుపెట్టినప్పటి నుంచీ దాని మాట ఒకటే: నేను కాదు, నువ్వు. ఏడాదికి 120 గంటలు చేయాలి. ఒక శనివారంలో ఎనిమిది గంటలు పోతే ఇంకా 112 ఉంటాయి. వాటిని తలా ఒక ఊళ్లో చల్లకుండా ఒకే చోట పెట్టమంటున్నాను.

మీ సిస్టర్లకు ఈ మాట కొత్త కాదు. బేగంపేటలో 1959లో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాలను పెట్టిన సిస్టర్ల సభ సంగతే చూడు. 1832లో ఇటలీలో లోవెరె అనే ఊళ్లో మొదలైంది. మొదలుపెట్టిన బార్తొలొమేయా కపితానియోకు అప్పటికి పాతికేళ్లు, నీకంటే ఆరేడేళ్లు పెద్దది, అంతే. మరుసటి ఏడాదే పోయింది. వెంట ఉన్న విన్చెంజా జెరోజా వయసులో పెద్దది. ఆమె ఆ పనిని వదలకుండా పదమూడు, పద్నాలుగేళ్లు నడిపి నిలబెట్టింది. నాటిన చేయి ఒకటి, నీళ్లు పోసిన చేయి ఇంకొకటి. రెండో ఆమె లేకపోతే బేగంపేట దాకా ఎవరు వచ్చేవారు?

విభూది రోజు నీ నుదుట ఫాదర్ గారు పెట్టిన బూడిద ఎక్కడిదో అడిగావా? నిరుడు మ్రానికొమ్మల ఆదివారం నాడు చేత పట్టుకుని ఊరేగిన మట్టలే. ఏడాదంతా ఇంట్లో సిలువ వెనక ఎండి, కాలి, నుదుటి మీదికి వచ్చాయి. మన వైపు కాముని పున్నానికి మంట వేసి, పొద్దున ఆ బూడిద పెట్టుకుంటారు కదా, అది గుర్తొస్తుంది నాకు. 2025లో అయితే అన్నీ ఒక్కచోట చేరాయి. రంజాన్ ఉపవాసాలు, తపస్కాలం ఒకే వారంలో మొదలయ్యాయి. మార్చి 30న ఉగాది, మర్నాడే ఈద్, ఏప్రిల్ 20న పాస్కా. మొయినాబాద్ అంగట్లో ఒకే బండి మీద ఖర్జూరాలు, మామిడికాయలు కొన్నాను. ఆ ఏడు ఆకు రాలే కాలంలోనే అందరూ కడుపు మాడ్చుకుని తమను తాము సరిచూసుకోవడం నాకు ఆశ్చర్యమనిపించింది. బూడిదలో పొటాష్ ఉంటుంది, బిడ్డా. మన అమ్మమ్మలు వంగమొక్కల మీద చల్లేవాళ్లు. కాలిపోయినది కూడా వేరుకు తిండి అవుతుంది.

ఇంకొకటి చెప్పాలి, ఇది మొక్కల కంటే పెద్దది.

మా కాలేజీ చాపెల్‌లో పవిత్ర గురువారం నాడు పన్నెండు మంది పాదాలు కడిగేవారు. ఒక ఏడు మా తోటమాలిని కూర్చోబెట్టారు. గోళ్ల సందుల్లో మట్టి, మడమల్లో వేలు పట్టేంత పగుళ్లు. ఫాదర్ గారు మోకాళ్ల మీద కూర్చుని చెంబుతో నీళ్లు పోయగానే తోటమాలి కాలు వెనక్కి లాక్కున్నాడు. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. అలా మొదట వద్దన్నవాడు సువార్తలో పేతురు. ఫాదర్ గారు ఆ కాలు వదల్లేదు, తొందరపడలేదు. నీళ్లు పోశారు, తువ్వాలుతో పగుళ్ల మధ్య కూడా అద్దారు. రోజూ మా మొక్కలన్నిటికీ నీళ్లు పోసే మనిషి కాళ్ల మీద ఆ రోజు మరొకరు నీళ్లు పోశారు. 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లో బాలనేరస్థుల జైలుకు వెళ్లి పాదాలు కడిగారు. వాళ్లలో ఇద్దరు అమ్మాయిలు, ఆ ఇద్దరిలో ఒకరు ముస్లిం. అప్పటిదాకా మగవాళ్ల పాదాలే కడగాలన్నది నియమం. 2016లో దాన్ని మార్చారు.

2018 ఏప్రిల్ 16న మన చిల్కూరు గుడి అర్చకులు రంగరాజన్ గారు జియాగూడ రంగనాథుడి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారు. మునివాహన సేవ అంటారు దాన్ని. పూర్వం తిరుప్పాణాళ్వారును దారికి అడ్డం ఉన్నాడని రాయి పెట్టి కొట్టిన లోకసారంగముని, తరువాత స్వామి ఆజ్ఞతో ఆయన్ను తన భుజం మీద మోసుకెళ్లాడన్న కథకు కొనసాగింపు అది. ఒకచోట మోకాళ్ల మీదికి దిగి కాళ్లు కడగడం, ఇంకోచోట మనిషిని తలకంటే ఎత్తున ఎక్కించుకోవడం. నాకు రెండూ ఒకటే. రెంటిలోనూ సేవ చేసేవాడు కిందే ఉన్నాడు. బ్యానరు పట్టుకుని ఊళ్లోకి దిగినప్పుడు మనం ఎక్కడ ఉన్నామో ఆలోచించు. అందుకే ముందు ఊరివాళ్లను అడగాలి. ఏం కావాలని అడిగాక, వాళ్లు చెప్పింది మనకు నచ్చకపోయినా వినాలి.

నేను అడిగాను. నిరుడు వానాకాలంలో బడి దారిలో నాటిన కానుగలు, వేపలు ఇరవై దాకా బతికి ఉన్నాయి. బడి ఆయమ్మ వాటికి వీలైనప్పుడు నీళ్లు పోస్తోంది, ఒక్కతే. "పిల్లలొస్తే నాకు చెయ్యాసరా అయితది" అంది. ఇరవై మొక్కలు, ఒక మనిషి. మీ వంద మొక్కల కంటే ఇదే నాకు పెద్ద పని.

మీరు పది మంది చాలు. వారానికి రెండు సార్లు, పాస్కా దాకా, ఆ తరువాత మృగశిర దాకా, వంతులు వేసుకోండి. ముందు చుట్టూ పాదు చేయాలి, మొదలుకు ఆనించకుండా జానెడు దూరంలో. దానిమీద ఎండుటాకులు పరచండి, తేమ ఆగుతుంది. కుమ్మరి దగ్గర పాలిష్ పెట్టని చిన్న కుండలు పన్నెండు తెచ్చి పెట్టాను. మొక్క పక్కన మెడ దాకా పూడ్చి నింపితే, మట్టిలోంచి నీరు వేరుకు మెల్లగా ఊరుతుంది. సాయంత్రం ఎండ తగ్గాకే పోయాలి.

తీరిక దొరికితే ఒకసారి చేవెళ్ల రోడ్డు మీద వెళ్లండి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో దాదాపు 900 మర్రిచెట్లు, నిజాం కాలం నాటివి. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టవద్దని పోరాడినవాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. అదే రోడ్డు మీద ప్రమాదాల్లో మనుషులు పోయారు, వాళ్ల ఇళ్లవాళ్ల బాధ కూడా నిజమే. ఈ రెండు బాధలూ నీకు తెలియాలి, తేలికగా ఒక పక్కకు మాట్లాడవద్దు. నేను మాత్రం ఆ చెట్ల కింద నిలబడ్డప్పుడల్లా, మొదటి రెండు ఎండాకాలాలు వాటికి నీళ్లు మోసినవాళ్లెవరా అనుకుంటాను.

శనివారం మూడు గంటలకల్లా రండి. పాత చెప్పులు వేసుకోమని పిల్లలకు చెప్పు, బురద అవుతుంది. బ్యానరు వద్దు. మన ఇంట్లో బొక్కెనలు రెండే ఉన్నాయి, హాస్టల్ నుంచి ఒక నాలుగు బకెట్లు తెచ్చుకోండి. ఆయమ్మకు ఏమైనా తేవాలనిపిస్తే అరటిపళ్లు తెండి, ఆమె శనివారం ఒక్కపొద్దు ఉంటుంది.

మీ అమ్మమ్మ