అన్యులు ఎవరు?

మా బడిలో ఆరో తరగతి చదివే చెంచు పిల్ల ఒకరోజు అడిగింది: “సార్, మా అవ్వ అన్యురాలా?” వాళ్ల పెంటలో కొన్ని ఇండ్లవాళ్లు క్రైస్తవులయ్యారు. ఆడుకుంటూ మేనమామ కొడుకు ఆ మాట అన్నాడట. అవ్వ గారెల మైసమ్మకు మొక్కుతుంది. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆ మాట తెలుగు బైబిల్లోని ‘అన్యజనులు’ నుంచి వచ్చింది. మూలమైన హీబ్రూలో ‘గోయ్’ అంటే జనం, జాతి. అబ్రాహామును గొప్ప జనంగా చేస్తానని దేవుడు మాటిచ్చిన చోటా అదే పదం. అందులో తిట్టు లేదు. ‘మనం కాని జనం’ అనే అర్థం తరువాత బలపడింది. ఇంగ్లీషు ‘పేగన్’కు మూలం లాటిన్ ‘పాగానుస్’, అంటే పల్లెవాడు. రోము రాజ్యంలో కొత్త మతం ముందు పట్నాల్లో పాకింది, పల్లెలు పాత దేవుళ్లను విడవలేదు, అందుకే ఆ పేరని ఒక వివరణ. ‘హీదెన్’ను బీడు భూమి అనే అర్థమున్న మాటతో కలుపుతారు. ఈ పేర్లు మన నమ్మకం ఏమిటో చెప్పవు. పేరు పెట్టినవాడు ఎక్కడ నిలబడి చూశాడో చెప్తాయి.

ఇది ఒక్క మతం చేసిన పని కాదు. బ్రిటిష్‌వారి జనాభా లెక్కల్లో ఆదివాసులను ‘ఆనిమిస్టులు’ అని రాశారు. తరువాతి లెక్కల్లో ఆదివాసీ మతాలకు విడిగా గడి లేకుండా పోయింది. సర్నా మతానికి గడి కావాలని జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరులో తీర్మానించింది. మన బడుల్లోనూ అడగకుండానే ‘హిందూ’ అని రాసేస్తాం. నేనూ రాశాను.

మన పెద్దలు వేట మాంసంలో మైసమ్మకు ముందు పెట్టి తిన్నారు. చైత్ర పున్నమికి సలేశ్వరం లోయలోకి దిగే వేలమందిని లింగమయ్య దగ్గర చెంచు పూజారులు నీ మతమేదని అడగరు. అయితే క్రైస్తవుడైన ఆ పిల్లవాణ్ణి “వాడు ఇక మనోడు కాదు” అనే నోళ్లూ మన పెంటల్లో ఉన్నాయి. అన్యుడని మనల్ని అంటే నొచ్చుకుని, మన పిల్లవాణ్ణి మనమే అన్యుణ్ణి చేస్తే న్యాయమా?

మర్నాడు ఆ పిల్లకు చెప్పాను: “అవ్వ ఎవరో అవ్వనే అడుగు. ఆమె చెప్పిందే ఆమె పేరు. మీ బావనూ అట్లనే అడుగు.”

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. దరఖాస్తులో మతం గడి నింపేముందు, కలం ఆపి ఆ ఇంటివాళ్లను ఒక మాట అడగండి.