పొడిగుడ్డ జోలికి పోకు, నాయనా

నల్ల కారు కొన్నావు. పర్ణశాలలో కాపురముంటూ నల్ల రంగు ఎంచుకోవడానికి గుండెధైర్యం కావాలి. తెల్లదైతే సగం దుమ్ము కనపడకుండా పోయేది. సరే, కొన్నావు, సంతోషం. భద్రాచలం నుంచి ఇక్కడికి సుమారు 35 కిలోమీటర్లు. రాములవారి దర్శనం చేసుకుని ఇటు వచ్చే కుటుంబాలను తిప్పే బేరమే నీ బతుకుతెరువు కాబట్టి బండి కళగా ఉండాలన్న నీ ఆరాటం నాకు తెలుసు. అయితే ప్రతి బేరానికీ ముందు భుజం మీది తువ్వాలు తీసి బానెట్‌ను ఫటఫటా దులిపి, ఆపైన గుండ్రంగా తుడుస్తున్నావు చూడు, ఆ అలవాటు ఇవాళే మానెయ్. షెడ్డులో గన్ను పట్టి, బండ్లకు రంగులు కొట్టి బతికిన మీ పెదనాన్న నీకు ముందుగా చెప్పేది అదే.

దుమ్ము తనంతట తాను రంగును గీకదు. రెండు మూడు రోజులు అలాగే పడి ఉన్నా గీత రాదు. గీత వచ్చేది దాన్ని పొడిగా రుద్దినప్పుడే. మన దారుల దుమ్ము ఎలాంటిదో ఒక్కసారి ఆలోచించు. సారపాక వంతెన దాటావంటే మణుగూరు నుంచి వచ్చే బొగ్గు లారీలు. పేపరు మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర మోసే బండ్లు. పాల్వంచ వైపు వెళితే కేటీపీఎస్ కరెంటు కేంద్రం బూడిద. ఇటు దుమ్ముగూడెం దారిలో గోదావరి ఇసుక. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అది గాజునే గీస్తుంది. బూడిద చేతికి మెత్తగా తగులుతుంది గానీ కొలిమిలో కరిగి గడ్డకట్టిన గాజు రేణువులే అందులో ఎక్కువ. వాటిని తువ్వాలు కింద పెట్టి రంగు మీద గుండ్రంగా తిప్పితే ఏమవుతుంది? ఆర్నెల్లు తిరిగేసరికి ఎండలో పక్కనుంచి చూస్తే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. తెల్ల బండి మీద అవి దాక్కుంటాయి, నల్ల బండి మీద దాక్కోవు.

ఆ గీతలు పడే పూత ఎంత పల్చనిదో చెబుతాను. కంపెనీలో రేకు బాడీని రంగు తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి, తుప్పు పట్టకుండా మొదటి పూత ఎక్కిస్తారు. దాని మీద ప్రైమర్. దాని మీద నువ్వు ముచ్చటపడి ఎంచుకున్న నలుపు. అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఈ నాలుగూ కలిపితే 100 నుంచి 130 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. రెండు తలవెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత మందమన్నమాట. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. మెరుపంతా అందులోనే ఉంది, ఎండ నుంచి కింది రంగును కాచే మందూ అందులోనే కలిపి ఉంటుంది. అది అరిగితే ఇంట్లో ఎవరూ మళ్లీ పెంచలేరు. షెడ్డుకు రావాల్సిందే, డబ్బు కక్కాల్సిందే.

మా తరం వాళ్లు నీకు వేరే సలహా ఇస్తారు. "వారానికోసారి గట్టిగా పాలిష్ కొట్టు, అద్దంలా ఉంటుంది" అంటారు. వాళ్లు చెప్పేది పాత అంబాసిడర్ సంగతి. ఆ బండ్లకు పైన క్లియర్ కోట్ ఉండేది కాదు, రంగే పైపూత. ఎండకు వెలిసి సుద్దలా తేలిన పొరను పాలిష్‌తో రుద్ది తీసేస్తే కింద కొత్త రంగు కనపడేది. రుద్దిన గుడ్డకు ఆ రంగు అంటుకునేది కూడా. రంగు మందంగా ఉండేది కాబట్టి ఎన్ని రుద్దుళ్లయినా తట్టుకునేది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఆ సలహా మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. నీ బండికి అది విషం. ఒక్కటి గుర్తుపెట్టుకో: పాలిష్ పూతను కోస్తుంది, వాక్స్ పూత మీద ఇంకో పొర వేస్తుంది. షాపువాడు రెండింటినీ ఒకే పేరుతో అమ్మినా నువ్వు డబ్బా మీద చదివి తీసుకో.

ఇక కడగడం. తెల్లవారి ఎండ రాకముందు గాని, పొద్దు వాలాక గాని చెయ్యి. బేరం నుంచి వచ్చిన వెంటనే వద్దు. అరచేతి వెనకభాగం బానెట్ మీద ఆనించి చూడు, వేడి తగిలితే ఆగు. వేడి రేకు మీద సబ్బునీళ్లు క్షణాల్లో ఆరి మరకలు కడతాయి. మన దగ్గర మే నెల ఎండలో నల్ల బానెట్ మీద చెయ్యి ఆనించడమే కుదరదు.

మొదట సబ్బు లేదు, గుడ్డ లేదు, ఉత్త నీళ్లే. టాపు మీద నుంచి కిందికి నిదానంగా పొయ్యి. మడ్‌గార్డుల లోపల ఎర్రమట్టి గడ్డకట్టి ఉంటుంది, దాన్ని ఎక్కువ నీళ్లతో నానబెట్టి వదిలించు. ఇసుక ఎంత వరకు నీళ్లతోనే పోతే అంత మేలు. తరవాత రెండు బకెట్లు పెట్టుకో. ఒక దాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, ఇంకో దాంట్లో మంచినీళ్లు. మైక్రోఫైబర్ గ్లవ్‌ను షాంపూలో ముంచి ఒక తలుపు కడిగావనుకో, దాన్ని నేరుగా మళ్లీ షాంపూలో ముంచకు. ముందు మంచినీళ్ల బకెట్లో జాడించు, ఇసుక అడుక్కు దిగాక అప్పుడు షాంపూలోకి. ఈ రెండో బకెట్టు కోసమే ఇంత చెబుతున్నాను. ఒకే బకెట్టుతో కడిగితే మొదటి తలుపు మీద తీసిన ఇసుకనే రెండో తలుపుకు పూస్తున్నట్టు. చెయ్యి టాపు, అద్దాల మీద నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, బంపర్లూ తలుపుల కిందిభాగాలూ ఆఖరున. ఒత్తకు, ఆ గ్లవ్ బరువే చాలు. గుండ్రంగా తిప్పకు, నిలువుగానో అడ్డంగానో ఒకే తీరున పో. చక్రాలకు వేరే గుడ్డ, వేరే నీళ్లు. బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి అక్కడ పేరుకుని ఉంటుంది, ఆ గుడ్డ బాడీకి తగలనే కూడదు.

మీ అమ్మ వంటింట్లోని గిన్నెల సబ్బూ, బట్టల పౌడరూ వాడకు. అవి జిడ్డును కోయడానికి చేసినవి, నువ్వు పెట్టిన వాక్స్‌నూ కోసేస్తాయి. డీజిల్ కలిపిన నీళ్లతో తుడిచే డ్రైవర్లున్నారు, అప్పటికి నిగనిగలాడుతుంది, గంటలో దుమ్మంతా దానికే అతుక్కుంటుంది, రబ్బరు బీడింగులు ఉబ్బిపోతాయి. రోడ్డు తారు అంటుకుంటే కొబ్బరినూనె రాసి కాసేపు ఉంచు, మెత్తబడుతుంది, తుడిచి షాంపూతో కడిగెయ్.

మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ. బండి మీద వాటంతట అవి ఆరితే తెల్లటి చుక్కలు మిగులుతాయి. అందుకని ఆరనివ్వకుండా పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి, అద్ది నీళ్లు పీల్చనివ్వు. వానాకాలం రేకుల మీది నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే ఆఖరి జాడింపుకు వాటిని మించినవి లేవు, వాటిలో సున్నం ఉండదు. చుక్కలు అప్పటికే పడి ఉంటే వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తుడిచి వెంటనే కడిగెయ్. మిషన్ భగీరథ తాగునీటి నల్లాకు పైపు తగిలించి గంటసేపు వదిలే పని మాత్రం పెట్టుకోకు. 2024 మార్చిలో బెంగళూరులో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటితో బండ్లు కడగడాన్ని అక్కడి వాటర్ బోర్డు నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. మనకు గోదావరి పక్కనే ఉందని ధీమా వద్దు, పద్ధతిగా కడిగితే ఏడెనిమిది బకెట్లు మించవు.

ఇప్పుడు కాస్త సున్నితమైన సంగతి. బండి పూజ. నీకు భక్తి ఉంది, ఉండాలి. కానీ బానెట్ మీద అరచేతి వెడల్పు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చందనం అద్ది, నెల రోజులు కడక్కుండా ఉంచితే ఎలా? పసుపు రంగు నీళ్లకు లొంగదు, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. బజారు కుంకుమలో కలిపే రంగుల మరక ఇంకా మొండిది. పూసిన వేళ్లకు ఇసుక ఉంటే, బొట్టుతో పాటు గీత కూడా పెట్టినట్టే. పూలదండలోని ఇనుప తీగ గాలికి కదిలి ముందుభాగమంతా గీకుతుంది, దారం దండే కట్టించు. కొబ్బరికాయ బండికి రెండడుగుల దూరంలో నేల మీద కొట్టు, నీళ్లు చిందితే అదే పూట కడుగు. నిమ్మకాయ పులుపు రంగు మీద ఆరకూడదు. బొట్టు ముందు అద్దం మూల పెట్టు, అద్దం మీద నుంచి తడిగుడ్డతో పోతుంది. స్వామి బానెట్ మీదే కావాలని అడగలేదు.

చెట్టు నీడ కూడా చూసి ఎంచుకో. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్టు కింద రాత్రి బండి పెట్టావంటే తెల్లారేసరికి టాపు నిండా ఇప్పపూలు. కోయగూడేల వాళ్లకు అది ఏటి పంట, నీ కారుకు మాత్రం చక్కెర జిగురు. చింతచెట్టు మీద కాకులుంటాయి. పిట్ట రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు క్లియర్ కోట్ మెత్తబడి సాగుతుంది, రాత్రి చల్లబడి బిగుసుకుంటుంది. ఆ బిగువులో రెట్ట అంచు దిగబడి అచ్చు మిగులుతుంది, ఇక కడిగినా పోదు. కాబట్టి చూసిన వెంటనే తడిగుడ్డ దాని మీద పరిచి, పది నిమిషాలు నాననిచ్చి, పైకి ఎత్తెయ్. గోరుతో గీకకు. బండిలో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా, ఒక శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ పెట్టుకో. బేరానికి ముందు తువ్వాలుతో దులిపే బదులు అద్దాలు తుడువు, సీట్లు దులుపు. యాత్రికులు చూసేది ముందు లోపలే.

కవరు కప్పుతానంటావేమో. దుమ్ము బండి మీద కవరు వేస్తే, గాలికి అది కదిలిన ప్రతిసారీ కింద ఇసుక రాస్తుంది. కడిగి ఆరబెట్టిన బండి మీదే కప్పు, లేకపోతే రేకుల పందిరే మేలు. కోతుల బెడద ఉంది కాబట్టి బండిలో అరటిపళ్లు, ప్రసాదం వదలకు.

రెండు నెలలకోసారి వాక్స్ పెట్టు. మంచి వాక్స్‌లో ఉండే కార్నౌబా బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మన ఎండలకు అది రెండు నెలలు నిలిస్తే ఎక్కువ, సింథటిక్ సీలెంట్ ఇంకొంత కాలం నిలుస్తుంది. సిరామిక్ కోటింగ్ చేయించమని వేలకు వేలు అడుగుతారు. నీళ్లు జారిపోతాయి, కడగడం తేలికవుతుంది, అబద్ధం కాదు. కానీ దాని మీద తువ్వాలుతో రుద్దితే అదీ గీతలు పడుతుంది. ముందు చెయ్యి మారాలి, కోటింగ్ సంగతి తరవాత చూద్దాం. వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినా పక్కన నిలబడు, ట్రాక్టర్ తుడిచిన స్పాంజి నీ బండి మీదికి రానివ్వకు.

రాయి తగిలి రంగు లేచిందా, వాన మొదలయ్యే లోపే టచప్ పెట్టించు. నీ బండి రంగు కోడ్ స్టిక్కరు మీద రాసి ఉంటుంది, సాధారణంగా ముందు తలుపు తీస్తే అక్కడే దొరుకుతుంది. జూన్‌లో తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలు మట్టితో పూడిపోయాయేమో చూడు. లోపల నీళ్లు నిలిస్తే తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది, పైకి బుడగలా కనపడేసరికి రేకు తినేసి ఉంటుంది. వరద రోజుల్లో బండిని గట్టుకు చేర్చు. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. వరద మట్టి పట్టి ఆరిన బండిని గుడ్డతో ముట్టకు, నానబెట్టి నీళ్లతోనే దించు.

ఇంకొక్క మాట. సీతవాగు దగ్గర నీళ్లు పారుతున్నప్పుడు బండ్లను వాగులోకి దించి కడిగేవాళ్లను చూసి నువ్వూ దించకు. సీతమ్మ నారచీరలు ఆరేసిందని చెప్పుకునే రాళ్లను చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పశువులు తాగేది ఆ నీళ్లే, చివరికి గోదావరిలో కలిసేదీ ఆ నీళ్లే. నీ బండి నూనె, నీ షాంపూ నురగ అందులో కలపకు. ఇంటి దగ్గరే, రెండు బకెట్లతో కడుక్కో. ఎవరైనా దించబోతే, మా పెదనాన్న వద్దంటాడని చెప్పు.