గట్టు మీది ప్రయాణం

పడవ ప్రయాణం ఎవరిది? పడవలో కూచున్నోళ్ళదా, పడవని లాగినోళ్ళదా? వినడానికి తమాషాగా ఉంటుంది గానీ మా ఇంట్లో ఇది తమాషా కాదు. మా వంశానికి చరిత్ర అంటూ ఏదైనా ఉంటే అది ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. దానికి కాగితాలు లేవు, శాసనాలు లేవు. మా జేజి నోరే ఆధారం.

నంద్యాల, ఆళ్ళగడ్డ పక్క పిల్లలకి కేసీ కాలవ అంటే వరిమడి, సోనా బియ్యం. ఆ కాలవలో పడవలు తిరిగినాయని క్లాసులో చెప్తే నవ్వుతారు. "కాలవలో పడవేంది సార్?" అంటారు. పాఠంలో లేదు కదా మరి. 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఈ కాలవ పని మొదలుపెట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో పుట్టి, కొంత దూరం నిప్పులవాగు, గాలేరు, కుందూల వెంట పోయి, కడప దాకా 190 మైళ్ళు. సేద్యానికీ, సరుకుల పడవలకీ కలిపి కట్టినారు. రైళ్ళకంటే పడవలే చవకని ఆర్థర్ కాటన్ వాదిస్తున్న కాలం అది. కంపెనీకి నష్టం వచ్చి, 1882లో సర్కారు కొనుక్కుంది. ఈ కాలవ ఉండంగానే 1876-78 ధాత కరువులో కర్నూలు జిల్లా పిట్టల్లా రాలిపోయింది. అది వేరే కథ. 1933 దాకా పడవలు నడిచినాయి. ఆ తర్వాత కాలవ ఒట్టి సేద్యానికే మిగిలింది.

మా జేజి వాళ్ళ అమ్మా నాయనా ఆ పడవలు లాగినోళ్ళు. పడవలు ఆగిపోయిన రెండేండ్లకి మా జేజి పుట్టిందంట. కాబట్టి ఆమె చూసింది కాదు, వాళ్ళమ్మ నోట విన్నది. పడవకి తాడు కట్టి గట్టు మీద నించి లాగేది. ముందు ఆయన, వెనక ఆమె. ఇద్దరి భుజాలకీ కాయలు. పత్తి మూటలు, శనక్కాయల మూటలు, అప్పుడప్పుడూ మనుషులు. కూచునే మనుషులు. పది పదైదు దినాలు అట్లా నడిచి కడప చేరేవాళ్ళు. మళ్ళీ అట్లనే వెనక్కి. ఆలుమగలు ఇద్దరూ కలిసి అన్ని మైళ్ళు నీళ్ళ వెంబడి తిరిగినారు. ఒక్కసారన్నా పడవలో కూచోలేదు.

మా జేజి వాళ్ళమ్మకి లాకు అంటే ఇష్టమంట. లాకు అంటే నీళ్ళ మెట్టు అనుకోండి. కాలవ ఒక్కసారిగా దిగే చోట ముందూ వెనకా తలుపులు పెట్టి, మధ్యలో తొట్టి మాదిరి కడతారు. పడవని తొట్టిలోకి తెచ్చి కింది తలుపు మూసి పైనుంచి నీళ్ళు వదిల్తే, నీళ్ళతో పాటు పడవ లేస్తుంది. అది లేచేంతసేపూ తాడు కింద పెట్టొచ్చు. "పడవ పైకి లేస్తా ఉంటే మేము కింద కూకుంటాంటిమి" అని చెప్పేదంట ఆమె. మా జేజి ఈ మాట చెప్పి నవ్వేది. నాకు మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు.

సముద్రం మీద పోతే బాపనోడు పతితుడవుతాడని బౌధాయనుడు రాసిపెట్టినాడు. మనోళ్ళకి ఆ భయం లేదు. పోగొట్టుకునేకి ఏముంది గనక? 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ మొట్టమొదటి కూలీలను నాటాలుకి తీసుకుపోయింది. కోరంగి రేవు నుంచి రంగూన్ పోయినోళ్ళకి అక్కడ కోరంగీలు అనే పేరే పడింది. ఓడ అయినా, పడవ అయినా మనకి పనికి పోయే దారి. ఊరికే పోవడం, చూడటానికి పోవడం మన నిఘంటువులో లేని మాటలు. బతకలేక పోతే వలస అన్నారు. బతికి, మిగిల్చుకొని పోతే యాత్ర అన్నారు.

పారే నీళ్ళకి మైల అంటదని శాస్త్రం. అందుకే కాలవలో మావాళ్ళు దోసిళ్ళతో తాగినారు, పక్క ఊరి బాయి గిలక మాత్రం ముట్టలేదు. నిలిచిన నీళ్ళ కోసం 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్ చెరువుకి నడిచినాడు. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర బర్రెల్ని కడుగుతుంటే ఇదేందని అడిగిన పాపానికి ఎంత జరిగిందో ఈ పుస్తకం చదివేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. మైల చేసిందెవరో, నరికిందెవరో లోకం చూసింది. 1991 ఆగస్టు 6న చుండూరు మాలల శవాలను గోతాల్లో కట్టి కాలవలో తొక్కినారు. పారే నీళ్ళకి మైల అంటదు కదా!

నేను ఆలోచించేది ఇంకొకటి ఉంది. సేద్యపు నీళ్ళు కావాలంటే ముందు భూమి ఉండాల. భూమి లేనోడికి కాలవ పక్కనే ఉన్నా లేనట్టే. మా నాయన కాలవ కింద మడిలో జీతం చేసినాడు. ఆ నీళ్ళల్లో ఆయన కాళ్ళు నానినాయి గానీ ఒక్క చుక్క ఆయనది కాదు. పడవకి భూమి అక్కర్లేదు. సెంటు నేల లేనోడు గూడా నీళ్ళ మీద బతకొచ్చు. ఏమో, ఒకనాటికి తాడు లాగినోడే పడవ కొనుక్కునేవాడేమో. వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు అంబేద్కర్ నదుల గురించి చాలా పని చేసినాడు. 1945 నవంబరులో కటకంలో మహానది గురించి మాట్లాడుతూ సేద్యం, కరెంటుతో పాటు పడవల రాకపోకలను గూడా లెక్కలోకి తీసుకోమన్నాడు. ఆయన రాజ్యాంగం గురించి వంద సభలు పెడతాం, నీళ్ళ గురించి ఒక్కటి పెట్టం.

ఇప్పుడు నా సహచరి సంగతి. ఆమె ఏఎన్ఎం. ఇద్దరం మా ఇళ్ళల్లో మొదటి జీతాలోళ్ళం. సోమశిల నుంచి శ్రీశైలం దాకా కృష్ణ మీద తెలంగాణ పర్యాటక శాఖ లాంచీ పోతుందని ఎక్కడో విని, పోదామనింది. ఏడు గంటల ప్రయాణం. "ఎందుకు?" అన్నాను. "ఎందుకూ లేదు. కూచోనేకి" అనింది.

నంద్యాలలో ఒక మిత్రుడున్నాడు, ఉద్యమంలో నాకంటే పెద్ద. ఆయనకి చెప్తే మొహం ముడుచుకున్నాడు. "ఆ నీళ్ళ కింద ఏముందో తెలుసు గదా, దాని మీద షికారు చేస్తావా?" అన్నాడు. తెలుసు. 1981లో శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు, లక్ష మంది దాకా మనుషులు లేచిపోయినారు. ఖాళీ చేయించడానికి పెట్టిన పేరే 'ఆపరేషన్ డిమాలిషన్'. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని మాత్రం రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టినారు. దేవుడికి పునరావాసం పక్కాగా జరిగింది. 1894 భూసేకరణ చట్టం భూమికి వెల కట్టింది, ఆ భూమిలో కూలి చేసిన చేతులకి కట్టలేదు. మాలగేరి, మాదిగగేరి రాళ్ళకి ఎవరూ నంబర్లు వేయలేదు.

మిత్రుడి ప్రశ్న ఆమె చెవిన వేసినాను. ఆమె కోపంగా ఏమీ అనలేదు. కూరగాయలు తరుగుతానే అనింది: "ఏం సారూ, ఆడికి ఏడ్సేకి పోతే మీ అన్న సరే అంటాడా? నవ్వేకి పోతేనే తప్పా? ఆ నీళ్ళ మీద పోయేటోళ్ళందరినీ ఈ లెక్క అడుగుతాండారా, మనల్నేనా?"

ఇక్కడ నేను చాలా దినాలు ఆగిపోయినాను. పక్కోడి దుఃఖం మీద కట్టిన సుఖాన్ని అనుభవించడం తప్పే. ఇందులో నాకు సందేహం లేదు. కానీ ఆ దుఃఖం మనదే అయినప్పుడు? ముంచినోళ్ళు ఆ నీళ్ళ మీద సెలవులు గడపొచ్చు, మునిగినోళ్ళ బిడ్డలు మాత్రం గట్టు మీద నిలబడి సంతాపం పాటించాలంటే మళ్ళీ మనకే గట్టు, వాళ్ళకే పడవ. సంతోషానికి సంజాయిషీ చెప్పుకోవడం గూడా ఒక వెట్టే. ఆమె మాట సరైందే. అయితే మిత్రుడి మాటను పూర్తిగా పారేయలేను. కింద ఏముందో తెలిసి కూచోవడం వేరు, తెలీక కూచోవడం వేరు. ఆమెకి ఈ తేడా అంత ముఖ్యం కాదు. "తెలిసి కూచున్నా, తెలీక కూచున్నా నడుము ఒకటే గదా ఆనేది" అంటుంది. ఇంగ్లండులో పాత కాలవల మీద ఇప్పుడు ఆలుమగలు పడవల్లోనే కాపురాలు చేస్తున్నారు, పదునాలుగు దినాలకొక చోటు మారుతూ. వాళ్ళని ఎవరూ ఎందుకని అడగరు.

నవంబరు చివర్లో పోయినాం. కర్నూలు మీదుగా కొల్లాపూరు, అక్కడినుంచి సోమశిల. కృష్ణ నిండుగా ఉంది. సంగమేశ్వరం గుడి ఎక్కడో నీళ్ళ అడుగున. కాసేపటికి రెండు పక్కలా నల్లమల దగ్గరికొచ్చింది. ఆమె మొదట కుర్చీలో బిగుసుకొని, బ్యాగు ఒళ్ళో పెట్టుకొని కూచుంది. ఒక గంటకి బ్యాగు కింద పెట్టింది. తర్వాత కాళ్ళు చాపుకుంది. ఊరి రచ్చకట్ట ముందర కాళ్ళు చాపుకొని కూచోలేని తరాల నుంచి వచ్చినోళ్ళం. నేను ఆ కాళ్ళ కేసే చాలాసేపు చూసినాను. ఫోటో గూడా తీసినాను.

ఇంటికొచ్చినాక ఆ ఫోటో నాయనకి చూపిస్తే, కండ్లద్దాలు పెట్టుకొని దగ్గరగా చూసినాడు.

"కూకున్నాక ఎవురన్నా లేయమన్యారారా?" అని అడిగినాడు.

"లేదు నాయనా."

"కూడు?"

"అందరితో పాటే పెట్టినారు."

"పడవ నడిపినోళ్ళు?"

"వాళ్ళు మా అందరివీ అయినాక తిన్న్యారు."

నాయన ఫోను నా చేతికిచ్చి, "మా అవ్వ గూడా కడాన తింటాండ్యంట" అన్నాడు.